ముందురోజు తాగిన తంగేడు నీళ్ళు

తోటకు పురుగుమందు కొట్టే ముందురోజు సాయంత్రం మా నాయన తంగేడుపూల నీళ్ళు తాగుతున్నాడని అమ్మ ఫోన్‌లో చెప్పినప్పుడు నేను నవ్వాను. నవ్వి ఊరుకున్నాను. ఆ రోజు ఒక్క మాట గట్టిగా అని ఉంటే సరిపోయేది. గట్టిగా మాట్లాడటం నాకు చేతకాని పనేం కాదు. నా నోటికి జడిసి ఇంట్లో పిల్లి కూడా గోడవారగా పోతుందని అమ్మ అంటుంది. అనాల్సిన రోజున మాత్రం ఆ నోరు లేవలేదు.

నేను అనంతపురంలో పరిశోధన చేస్తున్నాను. మొక్కల్లో ఉండే కొన్ని పదార్థాలు మనిషి నాడీ కణాలను విషం నుంచి కాపాడగలవా అన్నది నా అంశం. నేను తీసుకున్న విషం మా టమాటా తోటల్లో కొట్టే పురుగుమందు. తీసుకున్న మొక్క తంగేడు. వాన ముఖం చాటేసిన ఏడు కూడా మా బీళ్ళలో ఒళ్ళంతా పసుప్పచ్చటి పూలతో నిలబడేది అదే. మేకలు కూడా దాన్ని పెద్దగా ముట్టవు. ఏం చదువుతున్నావని ఊళ్ళో ఎవరైనా అడిగితే తంగేడు పూల మీద అని చెప్పేదాన్ని. దానికి ఇన్నేళ్ళు చదవాల్నా అని నవ్వేవాళ్ళు. నాకు కోపం వచ్చేది. కోపం వచ్చినప్పుడల్లా వివరంగా చెప్పడం మొదలుపెట్టేదాన్ని, అంతలో వాళ్ళు లేచి వెళ్ళిపోయేవాళ్ళు.

పని చెప్పుకోవడానికి చాలా సాదా. పూలు కోసి, నీడన ఆరబెట్టి, పొడి కొట్టి, ఆల్కహాల్‌లో నానబెట్టి, వడగట్టి, ఆ ద్రవాన్ని ఆవిరి చేస్తే అడుగున బెల్లం పాకంలా ముదురు రంగు ముద్ద మిగులుతుంది. సంచెడు పూలకు చిన్న సీసాడు వస్తే గొప్ప. అందులోంచి సూదిమొనంత తీసి కణాల మీద వేస్తాను. ఆ కణాలు ఎప్పుడో ఎవరో ఒక మనిషి కణితి నుంచి తీసి, ప్రయోగశాలల్లో ఏళ్ళ తరబడి పెంచుకుంటూ వస్తున్నవి. వాటికి ఎండ తగలనివ్వం. వేళకు ఆహారం మారుస్తాం. వేడి ఒక్క డిగ్రీ అటూ ఇటూ కాకుండా చూస్తాం. కొత్తల్లుడికి కూడా అంత మర్యాద జరగదు.

ఒక గిన్నెలోని కణాలకు పురుగుమందు మాత్రమే ఇస్తే, మర్నాటికి వాటి ఒంటి నుంచి సాగి ఉండే సన్నటి పోగులన్నీ ముడుచుకుపోతాయి. కణాలు గుండ్రంగా మారి విడిపోయి తేలుతాయి. రెండో గిన్నెలో ఒక రోజు ముందుగా తంగేడు సారం ఇచ్చి, ఆ తర్వాత అదే మందు ఇస్తే, చాలావరకు బతుకుతాయి. పోగులు పోగుల్లాగే ఉంటాయి. మందు ఇచ్చాక సారం ఇస్తే మాత్రం ఏ ప్రయోజనమూ లేదు. ముందే ఇవ్వాలి. మొదటిసారి ఆ రెండో గిన్నె చూసినప్పుడు మైక్రోస్కోపు ముందు నుంచి చాలాసేపు లేవలేదు. రెండు ఫొటోలు తీసుకుని ఆ ఆదివారమే ఊరికి బయలుదేరాను.

రాయదుర్గం వైపు పోయే బస్సు దిగి, మట్టి దారిన కాస్త నడిస్తే మా ఊరు వస్తుంది. నేను వెళ్ళేసరికి నాయన తోట నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మాకు ఒక బోరు, దాని కింద రెండెకరాల టమాటా. మిగతా చేను వాన మీద ఆధారం. నాయన తోటకు కొట్టుకోవడమే కాక, ఊళ్ళో ఎవరు పిలిచినా పోయి మందు కొట్టి వస్తాడు. ఆకు అడుగున కూడా తడిసేలా కొట్టే చెయ్యి ఆయనదని పేరు.

ఫోన్ తీసి రెండు ఫొటోలు చూపించాను. ఆయన చేతులు తువ్వాలుతో తుడుచుకుని మరీ ఫోన్ అందుకున్నాడు. మొదటి దానిలోవి చచ్చిపోయిన నరాల కణాలని, మనం కొట్టే మందే వాటిని చంపిందని చెప్పాను. రెండోదానికీ అదే మందు ఇచ్చానని, కానీ ముందు తంగేడు ఇచ్చినందుకు బతికాయని చెప్పాను. ఆయన అటూ ఇటూ జరుపుతూ రెండూ చాలాసేపు చూశాడు.

"అయితే దీన్ని ముందే తాపల్లనా?" అన్నాడు.

"అవు నాయనా. ఒగ దినం ముందే."

నా చదువు గురించి మా నాయన అడిగిన మొదటి ప్రశ్న అది. ఫీజు ఎప్పుడు కట్టాలి, సెలవులు ఎన్ని రోజులు అని తప్ప అంతకు ముందెప్పుడూ ఏమీ అడగలేదు. నాకు పట్టరాని సంతోషం వేసింది. ఆ సంతోషంలో చెప్పవలసినవి ఏవీ చెప్పలేదు. గిన్నెలో కణం వేరు, మనిషి వేరని చెప్పలేదు. గ్లాసుడు తంగేడు నీళ్ళలో నేను వాడిన పదార్థం ఎంత ఉంటుందో, అందులో కడుపు దాటి నరం దాకా పోయేది ఎంతో నాకే తెలియదని చెప్పలేదు. అవన్నీ మా గైడ్ ముందు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పగలను. ఇంట్లో అరుగు మీద గుర్తుకు రాలేదు.

మా ఊళ్ళో మందు కొట్టేవాళ్ళకు ఒక అలవాటుంది. పంపు వీపుకెత్తుకునే ముందు పిడికెడు బెల్లం నోట్లో వేసుకుంటారు. తిరిగొచ్చాక చెంబెడు మజ్జిగ తాగుతారు. బెల్లం విషాన్ని పట్టి ఉంచుతుందని, మజ్జిగ దాన్ని దించేస్తుందని నమ్మకం. మందు కలిపేటప్పుడు డబ్బా మీద రాసిన కొలత కంటే ఒక మూత ఎక్కువ పోస్తారు, పురుగు మొండిదని. ఈ అలవాట్లతో పోట్లాడి పోట్లాడి అలసిపోయి, చివరికి ఒక ఉగాదికి నాయనకు కొత్త చొక్కా బదులు మందపాటి చేతొడుగులు, మూతికి మాస్కు, కళ్ళద్దాలు కొనిచ్చాను. పండగపూట ఇవేం బట్టలని అమ్మ సణిగింది. నాయన కూడా సణుగుతూనే ఏడాది పాటు తొడుక్కున్నాడు. ఆ ఎండలో వాటితో మడి చివరిదాకా పోయి రావడం ఎంత నరకమో నాకు తెలియక కాదు. లోపలంతా చెమట, అద్దాలకు ఆవిరి, మాస్కులో ఊపిరాడదు.

ఆయనకు తంగేడు దొరికింది. బెల్లం స్థానంలో తంగేడు నీళ్ళు వచ్చాయి. అంతవరకైతే నష్టం లేదు. కానీ నరాలకు లోపలినుంచే కాపలా దొరికాక పైనుంచి ఈ మూటంతా ఎందుకని చేతొడుగులూ మాస్కూ తీసి పశువుల కొట్టంలో మేకుకు తగిలించాడు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. అమ్మ ఫోన్‌లో నీళ్ళ సంగతి మాత్రమే చెప్పింది. నేను నవ్వాను. లోపల గర్వపడ్డాను కూడా. అది ఒప్పుకోవడానికి ఇంకా సిగ్గుగా ఉంది.

వానాకాలంలో ఒకరోజు పొద్దున పదిన్నరప్పుడు అమ్మ ఫోన్ చేసింది. నేను అప్పుడే కణాల గిన్నెలు బయటికి తీశాను.

"మీ నాయన మడి కాడ కిందబడినాడు. నోట్లో నుంచి నురగ వస్తాంది. పలుకుతా లేడు."

ఎదురింటి చిన్నాయన, అంటే మా నాయనకు వరస తమ్ముడు, ఆటో తెచ్చి రోడ్డు దాకా చేర్చాడు. అక్కడి నుంచి అంబులెన్స్. వాళ్ళు అనంతపురం ఆసుపత్రికి వచ్చేలోపు నేను స్కూటీ మీద వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చేతికి ప్రయోగశాల గ్లవ్స్ అలాగే ఉన్నాయని తర్వాత ఎవరో చెబితే చూసుకున్నాను.

స్ట్రెచర్ దించినప్పుడు మొదట వాసన వచ్చింది. రోజూ ప్రయోగశాలలో పురుగుమందు సీసా మూత తీసినప్పుడు వచ్చే వాసనే, కాకపోతే అది ఇప్పుడు మా నాయన ఒంటి నుంచి వస్తోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ కనుపాపలు ఆవగింజంత అయిపోయాయి. నోటి నుంచీ ముక్కు నుంచీ నీళ్ళు. పిక్కల మీద చర్మం కింద సన్నగా ఏదో పాకుతున్నట్టు కండలు అదురుతున్నాయి. అవి ఎందుకు అదురుతాయో నాకు తెలుసు. నరం కండకు కబురు పంపిస్తుంది, పని అయ్యాక ఆ కబురును తుడిచేసే పదార్థం ఒకటుంటుంది, ఈ మందు దాన్ని పనిచేయనివ్వదు, దాంతో కబురు మీద కబురు పడి కండ ఆగకుండా అదురుతుంది. పరీక్షల్లో బొమ్మ వేసి మరీ రాసిన జవాబు. అంత భయం నేను అంతకు ముందు ఎరగను.

వివరాలు రాసుకునే మనిషి ఎందుకు తాగాడని అడిగాడు. తాగాడా అని కాదు, ఎందుకు అని. మా జిల్లాలో పురుగుమందు వాసనతో వచ్చే రైతును చూడగానే ఎవరికైనా ముందు వచ్చే ఆలోచన అది. తాగలేదు, కొట్టడానికి పోయాడని చిన్నాయన చెబుతున్నాడు. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. చొక్కా కత్తిరించి చూసింది. పంపు కారి నడుము నుంచి కిందికంతా తడిసి ఉంది. ఎంతసేపు ఆ తడి మీదే కొట్టాడో. సబ్బుతో కడగమని ఆమె చెబితే నేనూ నర్సూ కడిగాం. వీపంతా కమిలి ఎర్రగా ఉంది. పొద్దున్నుంచి ఏమైనా తిన్నాడా, తాగాడా అని డాక్టరమ్మ అడిగింది.

"తంగేడు నీళ్ళు తాగినాడు మేడమ్. రాత్రి ఒగసారి, పొద్దున ఒగసారి," అంది అమ్మ. "మా పాప కనిపెట్టిండేది."

అప్పుడు కూడా ఆ గొంతులో కాస్త గర్వం ఉంది. డాక్టరమ్మ నావైపు చూసింది. నేను ఏం చదువుతున్నానో, నాయనకు ఏం చెప్పానో రెండు ముక్కల్లో చెప్పాను. ఆమె నర్సు వైపు తిరిగి ఇంజెక్షన్ సిద్ధం చేయమంది. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఛాతీలో నీళ్ళు తగ్గేదాకా ఇంజెక్షన్ల మీద ఇంజెక్షన్లు ఇచ్చారు. ఆ ఇంజెక్షన్ల ప్రభావానికి నాయనకు నోరు ఎండిపోయి, మనసు దారితప్పింది. రెండు రోజులు దుప్పటి మీద లేని టమాటాలు కోసి లేని గంపలో వేశాడు. చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు. గంప నిండిందని, మోయడానికి రమ్మని అమ్మను పిలిచాడు. అమ్మ ప్రతిసారీ లేచి వచ్చి గంప ఎత్తుకున్నట్టు చేతులు చాచేది. నాకు అది చూసి ఏడుపు ఆగలేదు, బయటికి వెళ్ళి వరండాలో నిలబడేదాన్ని. చేతొడుగులు మేకుకు తగిలించిన సంగతి అమ్మ నాకు ఆ వరండాలోనే చెప్పింది.

మూడో రోజు మధ్యాహ్నం ఆయన నన్ను గుర్తుపట్టాడు. అన్నం తిన్నావా అని అడిగాడు. అప్పుడు గానీ నాకు ఆకలి తెలియలేదు.

ఇంటికి పంపేముందు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. ప్రాణానికి గండం గడిచిందని, కానీ ఈ రకం మందుల్లో కొన్నింటికి ఇంకో గుణం ఉంటుందని చెప్పింది. అంతా బాగుందనుకున్న రెండు మూడు వారాలకు కాళ్ళ నరాలు దెబ్బతినవచ్చు. ముందు వేళ్ళల్లో తిమ్మిరి, తర్వాత మొద్దుబారడం, తర్వాత పాదం ఎత్తలేకపోవడం. అందరికీ రాదు. రాకుండా ఆపే మందు మాత్రం లేదు. కనిపెట్టుకుని ఉండమంది. ఆమె చెబుతున్నంతసేపూ నేను తల ఊపుతూ ఉన్నాను. నా సిద్ధాంత గ్రంథం మొదటి అధ్యాయంలో ఉన్నదే అది. పొడవాటి నరాలే ముందు చస్తాయి, అందుకే పాదాలతో మొదలవుతుందని నేనే రాసుకున్నాను. రాసినప్పుడు ఆ పాదాలు ఎవరివో ఆలోచించలేదు.

సెలవు పెట్టి ఎనిమిదో రోజున నాయనతో పాటు ఊరికి వచ్చాను. రోజూ పొద్దున ఆయన కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాక, చీపురు పుల్ల కొసతో వేళ్ళకు ఒక్కొక్కదానికీ ఆనించి తెలుస్తోందా అని అడిగేదాన్ని. ఎడమ కాలి బొటనవేలితో మొదలుపెట్టి చిటికెన వేలు దాకా, తర్వాత కుడి కాలు. ఆయన పుల్లవైపు చూస్తూ, తెలుస్తాంది, తెలుస్తాంది అని ఓపిగ్గా చెప్పేవాడు. చూస్తూ చెబితే అది పరీక్ష కాదు. కళ్ళు మూసుకోమనాలి. ఆ సంగతి నాకు తెలుసు. అయినా అనలేదు. నాకు భయం. ఆయన నోటి నుంచి తెలుస్తాంది అన్న మాట వినడానికే నేను పొద్దున్నే లేచేదాన్ని. విన్నాక మర్నాటిదాకా బతికేదాన్ని.

పన్నెండు, పదమూడు, పద్నాలుగు. రోజులు లెక్కపెట్టుకుంటూ, ఆయన నడుస్తుంటే వెనక నుంచి అడుగులు చూసేదాన్ని. ఎందుకట్లా కోడిపిల్ల వెంట పడినట్లు తిరుగుతాండావని ఆయన ఒకసారి విసుక్కున్నాడు. పొలం గట్టు ఎక్కుతుంటే కాలు కొద్దిగా తడబడితే గుండె జారిపోయేది. అమ్మకు ఈ రెండు మూడు వారాల సంగతి చెప్పలేదు. నాయనకు చెప్పాను. ఎందుకు చూస్తున్నానో తెలిస్తే ఏ చిన్న తిమ్మిరి వచ్చినా వెంటనే చెబుతాడనుకున్నాను.

ఈలోగా చూడటానికి జనం వస్తూ ఉన్నారు. అంత మందు ఒంటికి పట్టాక మనిషి లేచి కూర్చోవడం వాళ్ళు చూసి ఎరగరు. ఎట్లా బతికినావని అడిగిన వాళ్ళందరికీ నాయన ఒకటే జవాబు చెప్పాడు. తంగేడు నీళ్ళు తాగి పోయినందుకు బతికానని, మా పాప చదివిన చదువు అదేనని. ఇంజెక్షన్ల మాట ఎత్తలేదు. నాలుగు రోజులు తిరిగేసరికి మా ఊరి రోడ్డు పక్కన చేతికందే తంగేడు కొమ్మకు ఒక్క పువ్వు మిగల్లేదు. నీడన ఆరబెట్టాలని కూడా కనుక్కుని మరీ ఆరబెట్టుకుంటున్నారు. మందు కొట్టేటప్పుడు మాస్కులు వాడుతున్న ఒకరిద్దరు కుర్రవాళ్ళు అవి మానేశారని విన్నాను.

అప్పుడు పుట్టిన భయం వేరు. ఇప్పటిదాకా ఒక్క మనిషి కాళ్ళ కోసం భయపడ్డాను. ఇక ఊరిలో పంపు ఎత్తుకున్న ప్రతి వీపూ నాకు కనిపించడం మొదలైంది. ఇంటింటికీ తిరిగి అది నిజం కాదని చెప్పాను. ఆసుపత్రి ఇంజెక్షన్లే బతికించాయని, పూలు ఏమీ చేయలేదని చెప్పాను. కోపంగా చెప్పాను, బతిమాలి చెప్పాను. ఎదురింటి చిన్నమ్మ, చిన్నాయన భార్య, నన్ను జాలిగా చూసింది. ఆమె రాయదుర్గంలో జీన్స్ కుట్టే చోట పనికి పోతుంది, నాలుగు ఊళ్ళ మాటలు వింటుంది. కనిపెట్టిన సంగతి అందరికీ తెలిస్తే విలువ పోతుందని నేను దాస్తున్నానని జనం అనుకుంటున్నారని చెప్పింది. మరి మీ నాయన ఎట్లా బతికినాడని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది, కానీ ఆమెకు నచ్చే జవాబు కాదు.

ఆ సాయంత్రం నాయనతో పోట్లాడాను. పూల వల్ల కాదని నువ్వే నలుగురికీ చెప్పు, నీ మాటైతే వింటారు అన్నాను. ఆయన సంగటి ముద్ద ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"నీ చదువు తప్పని నా నోటితో నేను ఎట్ల చెప్పల్ల పాపా?"

నా చదువు తప్పు కాదు, నేను చెప్పిన తీరు తప్పు అని అరిచాను. రెంటికీ తేడా ఆయనకు అందలేదో, అందినా వద్దనుకున్నాడో నాకు తెలియదు. ముద్ద తినకుండా లేచిపోయాడు.

ఇరవయ్యో రోజు పొద్దున నేను అరుగు మీద ఉన్నాను. నాయన మెట్టు దిగి కొట్టంలోకి పోయి ఎనుముకు గడ్డి వేసి వచ్చాడు. మెట్టు దగ్గర ఒక చెప్పు పడి ఉంది. ఎడమ కాలిది. ఆయన కుడి కాలికి చెప్పుంది, ఎడమ కాలికి లేదు. కంకర మీద పోయి, కంకర మీదే తిరిగి వచ్చాడు. చెప్పు జారిపోయిందని ఆయనకు తెలియలేదు. కాళ్ళు కడుక్కోవడానికి వంగినప్పుడు చూసుకుని, నాకు కనిపించకుండా దాన్ని కాలితో పక్కకు నెట్టాడు. కాలితో నెట్టడానికి కూడా చూసుకుని నెట్టాడు.

గోడకు చెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాను.

సరిగ్గా అప్పుడే చిన్నమ్మా చిన్నాయనా వచ్చారు. చిన్నమ్మ భుజాన అన్నం క్యారియర్ సంచి ఉంది, రాయదుర్గం బస్సుకు టైమైంది. చిన్నాయన చేతిలో ప్లాస్టిక్ కవరు నిండా ఎండిన తంగేడు పూలున్నాయి. మర్నాడు ఆయన తోటకు మందు కొట్టాలి. నన్ను అడిగి లాభం లేదని తేలింది కాబట్టి నాయననే అడిగారు, గ్లాసు నీళ్ళకు ఎన్ని వేయాలని. నాయన అరుగు మీద కూర్చుని పిడికిలి చూపించాడు. పిడికెడు అని.

నేను చీపురు పుల్ల తెచ్చుకుని ఆయన ముందు కింద కూర్చున్నాను.

"నాయనా, కండ్లు మూసుకో," అన్నాను.

ఎందుకన్నాడు. ఈ రోజు అట్లా చూడాలన్నాను. ఆయన ఒక క్షణం నా ముఖంలోకి చూశాడు. తర్వాత, చిన్నాయన వాళ్ళు ఉన్నారు కాబట్టేమో, నిటారుగా కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఎడమ బొటనవేలికి పుల్ల ఆనించాను. కొంచెం గట్టిగానే.

"పెద్దేలు," అన్నాడు.

నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. పుల్ల తీసి రెండో వేలి మీదికి తేబోయి గాలిలోనే ఆగాను. ఎందుకు ఆగానో చెప్పలేను. చెయ్యి దానంతటదే ఆగింది.

"రెండోది," అన్నాడు నాయన. కాస్త ఆగి, "మూడోది," అన్నాడు. ఇంకాస్త ఆగి, "నాలుగోది. చిటికెనేలు. ఇంగ కుడికాలు పెద్దేలు."

పన్నెండు రోజులు ఒకే వరసలో, ఒకే వేగంతో ముట్టుకుంటూ వచ్చాను. ఆయన ఆ వరస బట్టీ పట్టాడు. రెండు కాళ్ళూ పూర్తి చేసేదాకా, ఎక్కం అప్పజెప్పే పిల్లాడిలా ఆగి ఆగి, ఒక్క తప్పు లేకుండా చెప్పాడు. పుల్ల నా చేతిలో, ఆయన పాదాలకు జానెడు ఎడంగా ఉంది. చిన్నమ్మ దాన్నే చూస్తోంది. చిన్నాయన కూడా చూస్తున్నాడు.

"అన్నీ సరిగ్గ చెప్తినా?" అన్నాడు నాయన, కళ్ళు మూసుకునే.

సరిగ్గా చెప్పావు అనాలని నోటిదాకా వచ్చింది. అంటే ఆయన సంతోషిస్తాడు. వాళ్ళు పూలు పట్టుకుని వెళ్ళిపోతారు. ఒకసారి నేను ఊరుకున్నందుకే ఇక్కడిదాకా వచ్చాం.

"నేను ముట్టుకోలేదు నాయనా," అన్నాను.

ఆయన కళ్ళు తెరిచాడు. పుల్ల ఎక్కడుందో చూశాడు. నా మీద కోపగించుకుంటాడనుకున్నాను. ఆయన ముఖంలో కోపం లేదు. ఇన్ని రోజులూ నేను ఒక్కదాన్నే భయపడుతున్నాననుకున్నాను. ఆయన తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని, నావైపు కాకుండా చిన్నాయన వైపు తిరిగాడు.

"ఆ పూలు పారెయ్‌ప్పా. నాకు ఆరు దినాల నుంచి కాళ్ళు తెలుస్తా లేవు."

చిన్నాయన కవరు వంక చూసుకున్నాడు. చిన్నమ్మ అది ఆయన చేతిలోంచి తీసుకుంది. బస్సు హారన్ వినిపించినా ఆమె వెళ్ళలేదు. అమ్మ లోపలి నుంచి వచ్చి, ఏమైంది, ఏమంటున్నాడని నన్నూ నాయననూ మార్చి మార్చి అడుగుతోంది. ఆమెకు ఇప్పుడు మొదటినుంచీ చెప్పాలి.

నేను పుల్ల కింద పడేసి ఆయన రెండు పాదాలూ ఒళ్ళోకి తీసుకుని గట్టిగా పట్టుకున్నాను. ఆయన ఇంకా చిన్నాయన వైపే తిరిగి ఉన్నాడు. చాలాసేపటికి ఇటు తిరిగి చూశాక గానీ, నేను పట్టుకున్నానని ఆయనకు తెలియలేదు.